17వ పేజీ అడుగున 2 అంకె ఎందుకు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది చిత్తూరు, కొంగారెడ్డిపల్లె. మా అవ్వ చదువుకున్న పాత వచన భారతం ఒకటి ఇంట్లో ఉంది. అట్ట పోయింది, ముందు పేజీలు లేవు. ఏ ఏడాది అచ్చయిందో తెలియదు. అందులో 17వ పేజీ అడుగున ఎడమ పక్క చిన్నగా 2 అని ఉంది. 33వ పేజీ అడుగున 3, 49వ పేజీ అడుగున 4. పైన పేజీ అంకె ఉండగా కింద ఇదేమిటో అర్థం కాలేదు. మా అబ్బాయి అచ్చుతప్పు అంటాడు. ఇంకో సంగతి. 128వ పేజీ తర్వాత నేరుగా 145 వస్తుంది. అవ్వ కాపురానికి వచ్చినప్పుడు మా చిన్నతాత పిల్లవాడు. ఆయనే ఆ పేజీలు చించి గాలిపటం చేసుకున్నాడని అవ్వ చివరిదాకా అనేది. ఆయన కాదనేవాడు. ఇద్దరూ ఇప్పుడు లేరు. చిరిగిన గుర్తులు నాకైతే కనిపించలేదు. కుట్టు గట్టిగానే ఉంది. ఈ చిన్న అంకెలకూ, పోయిన పేజీలకూ ఏమైనా సంబంధం ఉందా? పుస్తకాలు వేసుకునేవాళ్ళు "పన్నెండు ఫారాలు వచ్చింది" అంటుంటారు. ఆ ఫారం అంటే ఏమిటి?

జవాబు: అమ్మా, ముందుగా 113వ పేజీ అడుగున చూడండి. అక్కడ 8 ఉండాలి. తర్వాత 145వ పేజీ అడుగున చూడండి. అక్కడ 10 ఉండాలి. 9 మీ పుస్తకంలో ఎక్కడా ఉండదు. ఉత్తరంలో మీరు రాసిన మిగతా అంకెల వరస చూస్తే నాకు ఆ నమ్మకం ఉంది. అదే నిజమైతే మీ చిన్నతాత ఆ పేజీలు చించలేదు. అవి మీ ఇంటికి రానేలేదు.

ఎందుకంటున్నానో చెప్పాలంటే ఫారం గురించి చెప్పాలి. మన వైపు ఫారం అంటే కోళ్ళ ఫారం గుర్తొస్తుంది, లేకపోతే దరఖాస్తు ఫారం. అచ్చు పనిలో ఉన్నవాళ్ళకు ఈ మాట వేరు. నేను తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందులో ఒక ప్రెస్సులో 1974లో, పదహారేళ్ళ వయసులో కంపోజింగ్ నేర్చుకోవడానికి చేరాను. మొదటి వారంలోనే ఈ ఒక్క మాటను ముగ్గురు మూడు రకాలుగా వాడటం విని తికమకపడ్డాను.

అక్షరాలు పేర్చే కంపోజిటర్‌కు ఫారం అంటే బరువు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా స్టిక్కు అనే చేతి చట్రంలో పేర్చి, వరసలు గ్యాలీ అనే పళ్ళెంలోకి దింపి, పేజీలుగా కట్టి, ఆ పేజీలను ఇనుప చట్రంలో బిగిస్తాం. ఆ చట్రాన్ని చేజ్ అంటారు. అక్షరాల చుట్టూ చెక్క ముక్కలు పెట్టి, క్వాయిన్లు అనే చీలలతో కదలకుండా బిగిస్తాం. ఈ పని చేసే బల్లను రాయి అనేవాళ్ళం. ఒకప్పుడు నిజంగానే నున్నటి రాతిపలక మీద చేసేవారు కాబట్టి ఆ పేరు. మా దగ్గర ఉన్నది ఇనుప బల్లే, అయినా రాయి అనే పిలిచేవాళ్ళం. బిగించిన చట్రం మొత్తం కలిపి ఫారం. లాటిన్‌లో ఫార్మా అంటే ఆకారం, అచ్చు మూస. అది ఫ్రెంచి, ఇంగ్లీషుల మీదుగా మన ప్రెస్సుల్లోకి వచ్చింది. "ఫారం ఎత్తండిరా" అంటే ఇద్దరు మనుషులు కావాలి. సరిగా బిగించకపోతే ఎత్తగానే మధ్యలో అక్షరాలు జలజలా రాలిపోతాయి. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు అన్నీ వేరువేరు అచ్చులు కాబట్టి అవి పెట్టుకునే కేసుల్లో వందలకొద్దీ గళ్ళు ఉంటాయి. రాలినవి ఏరి మళ్ళీ గళ్ళలో వేయడానికి ఒక రోజు పోతుంది.

మిషన్ దగ్గర ఉండే ఆయనకు ఫారం అంటే కాగితం. రెండు వైపులా అచ్చు పడిన ఒక పెద్ద షీటు. ఇది అర్థం కావాలంటే ఒక తెల్ల కాగితం తీసుకోండి. సగానికి మడవండి, దాన్ని అడ్డంగా మళ్ళీ సగానికి, ఇంకోసారి సగానికి. ఎనిమిది ఆకులు, 16 పేజీల చిన్న పుస్తకం అయింది. అంచులు కోయకుండానే సందుల్లో వేలు పెట్టి 1 నుంచి 16 దాకా అంకెలు వేయండి. ఇప్పుడు విప్పి చూడండి. 1 పక్కన 2 ఉండదు, 16 ఉంటుంది. 4 పక్కన 13 ఉంటుంది. ఒక వరస పేజీలు మామూలుగా ఉంటే రెండో వరస తలకిందులుగా ఉంటుంది. షీటుకు ఒక వైపు 1, 4, 5, 8, 9, 12, 13, 16. వెనక వైపు మిగిలిన ఎనిమిది. రాయి మీద పేజీలను ఈ క్రమంలోనే పేర్చాలి, అదీ అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మార్చి. మాకు నేర్పిన చిట్కా ఒకటుంది. పుస్తకం వీపు మడతకు అటూ ఇటూ పడే రెండు పేజీల అంకెలు కూడితే మొదటి ఫారంలో ఎప్పుడూ 17 రావాలి. రెండో ఫారంలో 49, మూడోదాంట్లో 81. రాకపోతే ఎక్కడో తప్పు పేర్చామన్నమాట.

పుస్తకం వెనక డెమ్మీ 1/8 అని చూసే ఉంటారు. డెమ్మీ షీటు సుమారు 17½ అంగుళాల వెడల్పు, 22½ అంగుళాల పొడవు. దానిలో ఎనిమిదో వంతు ఒక ఆకు. అంచులు కోశాక సుమారు 5½, 8½ అంగుళాల పుస్తకం వస్తుంది. మీ భారతం కూడా ఆ కొలతలోనే ఉండొచ్చు. స్కేలు పెట్టి చూడండి.

ఇక మూడో అర్థం బైండరుది. ఆయనకు ఫారం అంటే మడత. ఆ షీటును మూడుసార్లు మడిస్తే వచ్చే 16 పేజీల కట్ట. ఇంగ్లీషులో దీన్ని సెక్షన్ అనీ, గ్యాదరింగ్ అనీ, సిగ్నేచర్ అనీ అంటారు. నిజానికి సిగ్నేచర్ అంటే మీరు చూసిన ఆ చిన్న గుర్తే. సంతకం అని అర్థం కాదు. లాటిన్‌లో గుర్తు పెట్టడం అనే మాట నుంచి వచ్చింది. గుర్తు పేరే కాలక్రమంలో మడతకు కూడా అయింది. పాత యూరప్ పుస్తకాల్లో అంకెల బదులు అక్షరాలు వేసేవారు. లాటిన్ వర్ణమాలలో లేని మూడు అక్షరాలు వదిలేసి 23 వాడేవారు. మనవాళ్ళు ఎక్కువగా అంకెలే వేశారు. కొన్ని పుస్తకాల్లో అంకె ముందు పుస్తకం పేరులోని మొదటి అక్షరం కూడా కనిపిస్తుంది. ఒకే ప్రెస్సులో నాలుగు పుస్తకాలు ఒకేసారి నడుస్తుంటే ఏ ఫారం ఏ పుస్తకానిదో తెలియాలి కదా. మొదటి ఫారానికి చాలామంది అంకె వేయరు. అందుకే మీకు 2 నుంచి కనిపించాయి.

ఆ అంకె పాఠకుడి కోసం వేసింది కాదమ్మా. కంపోజిటర్ బైండర్‌కు చెప్పే మాట అది. దాని విలువ నాకు 1978లో తెలిసింది, ఆ సంగతి రాయాలి.

ఒక శతకానికి వ్యాఖ్యానం వేస్తున్నాం. ఎనిమిది ఫారాలు, వెయ్యి కాపీలు. చిన్న ప్రెస్సు కాబట్టి ఒకటి రెండు ఫారాలకు సరిపడా అక్షరాలే ఉండేవి. ఒక ఫారం అచ్చు కాగానే చట్రం విప్పి, అక్షరాలు కడిగి, గళ్ళలో వేసి, వాటితోనే తర్వాతి ఫారం కంపోజ్ చేయాలి. సమయం కలిసొస్తుందని పేజీ పైన పుస్తకం పేరు ఉండే వరసను, అడుగున అంకె ఉండే వరసను విప్పకుండా పక్కన పెట్టుకునేవాళ్ళం. అయిదో ఫారం తర్వాత అడుగు వరసలో 5 తీసి 6 పెట్టడం నేను మరిచిపోయాను. ఆరో ఫారం మొదటి పేజీ 81. అక్కడ కొత్త అధ్యాయం మొదలవుతుంది. అధ్యాయం మొదలయ్యే పేజీకి పైన పేజీ అంకె వేయని అలవాటు మాది. అంటే ఆ మడత ముఖం మీద ఉన్న ఒకే ఒక్క అంకె నేను వదిలేసిన తప్పు 5. ప్రూఫులో నేనూ చూడలేదు, ఇంకెవరూ చూడలేదు.

మడతలు బైండింగుకు వెళ్ళాయి. అక్కడ ఫారాల కట్టలన్నీ వరసగా పేర్చి, ఒక్కో కట్ట నుంచి ఒక్కోటి తీసుకుంటూ నడుస్తారు. రెండు కట్టల మీదా 5 ఉంది కాబట్టి రెండూ ఒకటే అనుకొని కలిపేశారు. 140 పుస్తకాలు కుట్టాక గానీ బయటపడలేదు. కొన్నింటిలో అయిదో ఫారం ఉంది, ఆరోది లేదు. కొన్నింటిలో ఆరోది ఉంది, అయిదోది లేదు. అన్నీ విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది. బైండింగు చూసే పెద్దాయనకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. నన్ను పిలిచి కూర్చోబెట్టుకొని అన్నాడు: "అబ్బోడా, నీ పుస్తకం నేను చదవను. నువ్వు అడుగున వేసిన అంకె చదువుతా. నాతో నువ్వు మాట్లాడేది ఆ ఒక్క మాటే. అది తప్పు చెబితే ఎట్లా?" ఆయన తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్ణి. ఆ తర్వాత ఎన్నేళ్ళు పని చేసినా, ప్రూఫు చేతికి రాగానే ముందు పేజీ అడుగునే చూసేవాణ్ణి, తర్వాతే మొదటి వాక్యం.

మీ భారతం విషయానికి వస్తాను. 129 నుంచి 144 వరకు సరిగ్గా 16 పేజీలు, అంటే తొమ్మిదో ఫారం మొత్తం. గాలిపటానికి పిల్లవాడు చించితే సరిగ్గా ఒక ఫారం, అదీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పోవడం చాలా అరుదు. రెండు ఆకులో మూడో పోతాయి. పైగా మడతలో ఆకులు జంటలు. ఇవతలి ఆకు చించితే దాని జంట ఆకు అవతల వదులై ఊడుతుంది, లేదా కుట్టు దగ్గర కాగితం పీలిక మిగులుతుంది. ఫారం మొత్తం పీకేసినా దారం వదులవుతుంది. మీరేమో పీలికలు లేవు, కుట్టు గట్టిగా ఉంది అంటున్నారు. బైండింగులో కట్టలు పేర్చేటప్పుడే మీ కాపీలో తొమ్మిదో ఫారం పడి ఉండదు. చిత్తూరు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. అప్పటి తెలుగు పుస్తకాలు చాలావరకు మద్రాసులో అచ్చయ్యేవి. కొన్నాక మధ్యలో ఫారం లేదని తెలిసినా వెనక్కి పంపి మార్పించుకోవడం ఎంతమందికి కుదురుతుంది? ఈ సంగతి మీ ఇంట్లో పిల్లలకు చెప్పండి. చిన్నతాత అన్నది నిజమేనని వాళ్ళకు తెలియాలి.

ఇంకొక్క మాట. తిరుపతిలో ఉన్నవాణ్ణి కాబట్టి నాకు ఇది రాయకుండా ఉండబుద్ధి కావడం లేదు. దేవస్థానం వేసిన అన్నమయ్య సంకీర్తనల సంపుటాలు చూడండి. కీర్తన దగ్గర రేకు సంఖ్య ఉంటుంది. ఆ కీర్తన ఏ రాగిరేకు మీద ఉందో చెప్పే అంకె అది. తాళపత్రాల్లోనూ ఆకు అంచున అంకె ఉంటుంది. తాడు తెగి ఆకులు చెదిరితే మళ్ళీ పేర్చడానికి అదే ఆధారం. రాగిరేకైనా, తాటాకైనా, కాగితమైనా చదివేవాడితో పాటు పేర్చేవాణ్ణి కూడా గుర్తుపెట్టుకొని పని చేశారు మనవాళ్ళు. అందుకే పాత పుస్తకాలను స్కాన్ చేస్తున్న పిల్లలకు నా విన్నపం. అందంగా కనిపించాలని పేజీ అడుగు భాగం కత్తిరించకండి. ఆ చిన్న అంకెలు పోతే రేపు ఎవరికైనా పుస్తకంలో ఏ ఫారం పోయిందో తెలుసుకునే దారి కూడా పోతుంది.

మరో పాఠకుడి ప్రశ్న (తిరుపతి, కొర్లగుంట): నా కవితల పుస్తకం డెమ్మీ 1/8లో డీటీపీ చేయిస్తే సరిగ్గా 100 పేజీలు వచ్చింది. ప్రెస్సువాళ్ళు 96కు తగ్గించండి, లేదంటే 112 చేయండి అంటున్నారు. ఇప్పుడంతా కంప్యూటరే కదా, ఇంకా ఈ పట్టుదల ఎందుకు?

జవాబు: సీసం పోయింది గానీ షీటు పోలేదండీ. ఆఫ్‌సెట్‌లో కూడా పెద్ద షీటు మీద పేజీలు పేర్చి అచ్చు వేసి మడతపెడతారు. 96 అంటే ఆరు ఫారాలు, 112 అంటే ఏడు. మీ 100 పేజీల్లో ఆరు ఫారాలు పోను నాలుగు పేజీలు మిగిలాయి. ఆ నాలుగింటికి కూడా ప్లేటు, అంటే అచ్చు పలక, చేయాలి, మిషన్ ఎక్కించాలి, విడిగా మడవాలి. ఖర్చు నాలుగు పేజీలకు తగ్గట్టు ఉండదు. వాళ్ళు చెప్పింది న్యాయమే.

అయితే మధ్యలో ఇంకో దారి ఉంది, అడిగి చూడండి. 104 పేజీలు, అంటే ఆరున్నర ఫారాలు. అర ఫారం ఎలా వేస్తారంటే, ఎనిమిది పేజీలనూ ఒకే ప్లేటు మీద పేర్చి షీటుకు ఒక వైపు కొడతారు. షీటు తిరగేసి అదే ప్లేటుతో రెండో వైపు కొడతారు. మధ్యకు కోస్తే ఒక షీటుకు రెండు కాపీల అర ఫారం వస్తుంది. ప్లేటు ఒక్కటే, కాగితం వృథా కాదు. మీకు నాలుగు పేజీలు అదనంగా వస్తాయి.

96కు తగ్గించాలంటే మాత్రం కవితలు తీసేయకండి. ముందు ఆ 100లో ఏమేమి ఉన్నాయో లెక్కవేయండి. ముందుమాటలు ఎన్ని? కవితకూ కవితకూ మధ్య ఖాళీ పేజీలు ఎన్ని? ఇద్దరు పెద్దలు రాసిన ముందుమాటలు ఆరేసి పేజీలుంటే అక్కడే నాలుగు పేజీలు తగ్గుతాయి. ముందు పేజీలు అన్నింటికన్నా చివర తేలడం పాత అలవాటు. మా రోజుల్లో పుస్తకం లోపలి భాగమంతా అచ్చయ్యాకే ముందుమాట వచ్చేది. అందుకే పాత పుస్తకాల్లో ముందుమాటకు వేరే వరసలో అంకెలు కనిపిస్తాయి. అప్పటికే అచ్చయి అక్షరాలు విప్పేసిన ఫారంలో తప్పు దొరికితే చేయగలిగింది ఏమీ లేదు. చివర తప్పొప్పుల పట్టిక వేయడమే. మీకు ఆ ఇబ్బంది లేదు. అచ్చుకు పంపే ముందురోజు వరకు దిద్దుకోవచ్చు, కాబట్టి ఓపికగా దిద్దుకోండి.

మీరు వేసేది వంద, నూటయాభై కాపీలే అయితే డిజిటల్ ప్రింటు చేయిస్తారేమో కనుక్కోండి. అందులో విడి ఆకులు పేర్చి వీపుకు జిగురు వేస్తారు. ఫారం లెక్క పెద్దగా అడ్డం రాదు, 100 పేజీలు 100గానే వేయొచ్చు. కానీ మీ పుస్తకం పదికాలాలు ఉండాలనుకుంటే కుట్టు బైండింగే అడగండి. జిగురు ఎండిపోయి ఆకులు ఊడిన పుస్తకాలు నా అల్మారాలోనే పది ఉన్నాయి. కుట్టినవి అరవై ఏళ్ళవి కూడా గట్టిగా ఉన్నాయి.

చివరి ప్రశ్న (పుత్తూరు నుంచి): మా నాయనకు పుస్తకాల కొట్టు ఉండేది. దస్తా అంటే 24 కాగితాలు అనేవాడు. ఇప్పుడు 500 కాగితాల రీము కొని ఇరవై దస్తాలు చేస్తే ఒక్కోదానికి 25 వస్తున్నాయి. ఏది సరి?

జవాబు: రెండూ సరే, కాలం వేరు. దస్తా పారశీక మాట. దస్త్ అంటే చెయ్యి. చేతికి పట్టేంత కట్ట అని. ఇంగ్లీషులో దీన్ని క్వైర్ అంటారు. ఆ మాటకు మూలం లాటిన్‌లో నాలుగు. చేతిరాత పుస్తకాల కాలంలో నాలుగు షీట్లు ఒకదానిలో ఒకటి మడిచి పెడితే ఎనిమిది ఆకుల కట్ట అయ్యేది, దానికి ఆ పేరు. అంటే అది కూడా మొదట మన ఫారం లాంటి మడతే, తర్వాత కాగితం లెక్క అయింది. పాత లెక్కలో దస్తాకు 24, ఇరవై దస్తాలు ఒక రీము, మొత్తం 480. తర్వాత రీమును 500 చేశారు, దస్తా 25 అయింది. మీ నాయన 480 కాగితాల రీము కొని 24 కాగితాల దస్తాలు అమ్మాడు. ఎవరికీ ఒక్క కాగితం తక్కువ ఇవ్వలేదు.